వెన్ను ఆపరేషన్ అయింది, యాక్సిడెంట్ కేసు నడుస్తోంది – కేసు తేలేదాకా ఎక్సర్‌సైజులు ఆపాలా?

వాణి_కోదాడ | జూన్ 9, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా ఆయనకు 34 ఏళ్లు. టైల్స్ మేస్త్రీ. పోయిన నవంబరులో సూర్యాపేట నుంచి బండి మీద వస్తుంటే హైవే మీద వెనక నుంచి కారు గుద్దింది. నడుములో ఎల్‌1 పూస నలిగిపోయింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి స్క్రూలు, రాడ్లు వేశారు. దేవుడి దయవల్ల కాళ్లు పడిపోలేదు. ఎడమ కాలులో తిమ్మిరి, పాదంలో మంట మాత్రం ఉన్నాయి.

మూడు నెలలు బాగానే కోలుకున్నాడు. ఫిజియో సార్ రాసిచ్చిన ఎక్సర్‌సైజుల కాగితం బీరువా తలుపుకి అంటించుకుని పొద్దున, సాయంత్రం చేసేవాడు. మార్చిలో కోర్టులో క్లెయిమ్ వేశాం. అప్పుడు లాయరు గారి దగ్గర పనిచేసే ఆయన ఒకరు, "మెడికల్ బోర్డుకు వెళ్లేదాకా మరీ హుషారుగా తిరగొద్దు, నడుం బెల్టు తీయొద్దు, వైకల్యం పర్సెంటేజీ తగ్గిపోద్ది" అన్నాడట. అప్పటి నుంచి కాగితం బీరువా మీదే ఉంది, మనిషి మంచం మీద ఉన్నాడు. ఫిజియోకి వెళ్లడం మానేశాడు. తెల్లారుజామున ఎవరూ లేవకముందు తులసి కోట దాకా కర్ర లేకుండా నడవడం నేను చూశాను. పొద్దెక్కి ఎవరైనా ఇంటికొస్తే కర్ర పట్టుకుంటాడు.

ఆయన అబద్ధాలాడే మనిషి కాదండి. నొప్పి నిజంగా ఉంది, రాత్రిళ్లు మూలుగుతాడు. కానీ ఏప్రిల్ నుంచి నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగింది. కేసు వల్ల ఇలా అవుతుందా? డబ్బు కూడా మాకు అవసరమే, ఆపరేషన్‌కి చేసిన అప్పు అలాగే ఉంది. ఏం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

---

రమణ_ఫిజియో_గుంటూరు | జూన్ 9, రాత్రి 11:05

వాణి గారూ, ముందు అత్యవసరమైన మాట. ఏప్రిల్ నుంచి నొప్పి పెరిగింది అంటున్నారు కాబట్టి ఈ వారమే ఆపరేషన్ చేసిన సర్జన్‌కి చూపించి ఎక్స్‌రే తీయించండి. స్క్రూ వదులైందా, పూస ఇంకా కుంగిందా చూడాలి. కాలులో బలం తగ్గినా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా వారం ఆగొద్దు, అదే రోజు వెళ్లండి.

ఎక్స్‌రే బాగుంటే, మూడు నెలలు కదలకపోవడమే నొప్పికి కారణం అయ్యుండొచ్చు. ఆపరేషన్‌లో వెన్ను పక్కనున్న కండను పక్కకు జరిపి స్క్రూలు వేస్తారు. ఆ కండ మళ్లీ పని నేర్చుకోవాలంటే కదలిక కావాలి. బెల్టు ఎప్పుడు తీయాలో సర్జన్ చెప్పాలి గానీ ఆఫీసులో పనిచేసే మనిషి కాదు. అవసరం తీరాక కూడా బెల్టు వేసుకునే ఉంటే కండలు పని మరిచిపోతాయి. ఆ తర్వాత బెల్టు తీస్తే నొప్పి వస్తుంది. అది చూసి బెల్టు అవసరమేనని మనిషి నమ్ముతాడు. ఈ చక్రంలో ఇరుక్కున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

---

కోటేశ్వర్రావు_ఒంగోలు | జూన్ 10, ఉదయం 6:10

అమ్మా, నేను లారీ డ్రైవర్‌గా చేసినోణ్ణి. నాకూ నడుం ఆపరేషన్ అయింది, నాదీ యాక్సిడెంటే. కేసు తేలడానికి ఏడేళ్లు పట్టింది. నాకూ అదే మాట చెప్పారు. ఏడేళ్లు జాగ్రత్తగా కూర్చున్నా. ప్రతి వాయిదాకీ కర్ర, బెల్టు, ఫైలు. ఇంటికొచ్చాక పిల్లలు ఎత్తుకోమంటే నడుం పట్టుకుని వద్దనేవాణ్ణి. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది, చెక్కు వచ్చింది. ఆ రాత్రి నొప్పి పోతుందనుకున్నా. పోలేదమ్మా. అప్పటికి ఒళ్లు అలవాటుపడిపోయింది. పెద్దాడు ఎత్తుకునే వయసు దాటిపోయాడు.

మీ ఆయన్ని నడిపించండి.

---

కిశోర్_మెల్‌బోర్న్ | జూన్ 10, ఉదయం 7:45

నేను ఇక్కడ ఆస్ట్రేలియాలో గాయపడినవాళ్లను తిరిగి పనిలోకి తెచ్చే విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. వాణి గారి ప్రశ్న మీద ప్రపంచంలో చాలా పరిశోధన జరిగింది, అందులో పెద్దది ఇక్కడి నుంచే వచ్చింది. సిడ్నీ ఆర్థోపెడిక్ సర్జన్ ఇయన్ హారిస్ బృందం 2005లో జామా అనే వైద్య పత్రికలో 211 అధ్యయనాలను కలిపి చూసింది. ఆపరేషన్ అయినవాళ్లలో పరిహారం వ్యవహారం నడుస్తున్నవాళ్లు, అది లేనివాళ్లు ఎలా కోలుకున్నారన్నది లెక్క. 175 అధ్యయనాల్లో పరిహారం ఉన్నవాళ్ల ఫలితమే అధ్వానంగా ఉంది. 35 అధ్యయనాల్లో తేడా కనిపించలేదు, ఒక్కదానిలో మాత్రం మెరుగ్గా ఉంది. అంకెలు దొరికినవాటిని కలిపితే, ఫలితం బాగోలేకపోవడానికి ఆడ్స్ (బాగుపడనివాళ్లకూ బాగుపడినవాళ్లకూ ఉన్న నిష్పత్తి) పరిహారం ఉన్నవాళ్లలో 3.79 రెట్లు. వెన్ను ఆపరేషన్లు మాత్రమే కాదు, భుజం, చేతి మణికట్టు ఆపరేషన్లు కూడా అందులో ఉన్నాయి.

కెనడాలో ఇంకో ఉదాహరణ ఉంది. సస్కాచెవాన్ రాష్ట్రంలో 1995 జనవరి 1 నుంచి కారు ప్రమాదాల్లో నొప్పికి, బాధకు విడిగా డబ్బు ఇచ్చే పద్ధతి తీసేసి, తప్పు ఎవరిదైనా చికిత్స, జీతం ఇచ్చే పద్ధతి పెట్టారు. మెడ బెణికిన కేసుల్లో సగం క్లెయిములు మూతపడటానికి అంతకుముందు 433 రోజులు పట్టేది. తర్వాత సుమారు 200 రోజులకు దిగింది.

అంటే కేసుకీ ఒంటికీ సంబంధం ఉంది. అది వాణి గారి ఊహ కాదు.

---

విశ్రాంత_బీమా_అధికారి | జూన్ 10, ఉదయం 9:30

నేను ప్రభుత్వ రంగ బీమా సంస్థలో మోటార్ క్లెయిమ్స్ విభాగంలో పనిచేసి రిటైర్ అయ్యాను. కిశోర్ గారు చెప్పిన అంకెలు నాకు ఆశ్చర్యం కలిగించలేదు. నొప్పిని పెంచి చెప్పేవాళ్లు ఉన్నారు. ప్రమాదమే జరగకుండా కేసు వేసినవాళ్లనూ చూశాను. మా తరఫు లాయర్లు వీడియోలు తీయిస్తారు, ఫేస్‌బుక్ కూడా చూస్తారు. తెల్లారుజామున కర్ర లేకుండా నడవడం, పగలు కర్ర పట్టడం అనేది కోర్టులో బయటపడితే మీ నిజమైన నొప్పిని కూడా ఎవరూ నమ్మరు. కాబట్టి ఆ పని మాత్రం వెంటనే మానేయమని చెప్పండి.

---

వాణి_కోదాడ | జూన్ 10, ఉదయం 10:02

సార్, మీ మాట చదివి చెయ్యి వణికింది. ఆయన దొంగ కాదు.

---

డా_సత్య_కరీంనగర్ | జూన్ 10, మధ్యాహ్నం 2:15

వాణి గారూ, కంగారుపడకండి. నేను వెన్నుపూస ఆపరేషన్లు చేస్తాను. ఈ అపనమ్మకానికి నూట అరవై ఏళ్ల చరిత్ర ఉంది, అది తెలిస్తే మీ ఆయన ఒంటరి కాదని అర్థమవుతుంది.

ఇంగ్లండులో రైళ్లు వచ్చిన కొత్తలో ప్రమాదాల్లో బయటికి దెబ్బ కనిపించకుండానే నెలల తరబడి నడుము నొప్పి, వణుకు, నిద్రలేమితో బాధపడినవాళ్లు ఉండేవారు. జాన్ ఎరిక్ ఎరిక్సెన్ అనే సర్జన్ 1866లో అది వెన్నుపాముకు తగిలిన కుదుపు వల్లేనని రాశాడు. జనం దాన్ని 'రైల్వే స్పైన్' అన్నారు. పరిహారం కేసుల్లో ఆ పుస్తకం పట్టుకుని వాదించేవారు. 1883లో హెర్బర్ట్ పేజ్ అనే ఇంకో సర్జన్ ఎదురు పుస్తకం రాశాడు, భయమే దీనికి ప్రధాన కారణమని. ఆయన ఒక రైల్వే కంపెనీకి సర్జన్. చూడండి, అప్పటికే డాక్టర్లు రెండు పక్షాలుగా కోర్టు మెట్లు ఎక్కేశారు. మధ్యలో రోగి.

ఇప్పుడు కిశోర్ గారి అంకెల గురించి. అవి నిజమే, కానీ వాటిని తప్పుగా చదవడం తేలిక. పరిహారం ఉన్నవాళ్లు సరిగా కోలుకోలేదు అంటే, పరిహారం వల్లే కోలుకోలేదని కాదు. కేసు వేసేదెవరు? గట్టి దెబ్బ తగిలినవాళ్లు, ఒంటితో చేసే పని పోయినవాళ్లు, ఇంట్లో వేరే ఆదాయం లేనివాళ్లు. మీ ఆయన టైల్స్ వేసే మనిషి. అదే దెబ్బ తగిలిన బ్యాంకు ఉద్యోగి మూడు నెలలకే కుర్చీలోకి వెళ్లిపోతాడు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి ఒకరికి కేసు ఉంది కాబట్టి బాగుపడలేదని తేల్చేయడం అన్యాయం. సస్కాచెవాన్‌లోనూ అంతే, ఫైలు మూతపడటం, మనిషి బాగుపడటం ఒకటి కాదు.

ఇంకో మాట బీమా సార్‌కి. నడుము నొప్పి పరీక్షలో గోర్డన్ వాడెల్ అనే సర్జన్ 1980లో కొన్ని గుర్తులు చెప్పాడు. తల మీద కొద్దిగా నొక్కితే నడుము నొప్పి అనడం, పైపైన చర్మం ముట్టుకున్నా నొప్పి అనడం లాంటివి. వాటిని నాటకం పట్టేసే సాధనంగా కోర్టుల్లో వాడేశారు. అది వాటి పని కాదని వాడెల్ స్వయంగా హెచ్చరించాడు. భయం, దిగులు ఎక్కువగా ఉన్న రోగికి కూడా ఆ గుర్తులు వస్తాయి. అలాంటివాళ్లకు కావాల్సింది ఇంకాస్త సాయం.

---

కిశోర్_మెల్‌బోర్న్ | జూన్ 10, సాయంత్రం 4:40

డాక్టర్ గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నేను తొందరలో సగమే రాశాను. మిగతా సగం రాయకపోతే తప్పవుతుంది.

ఇక్కడి మూడు రాష్ట్రాల్లో గాయాలతో ఆసుపత్రిలో చేరి పరిహారం కోరినవాళ్లను ఆరేళ్ల తర్వాత చూసిన అధ్యయనం 2014లో వచ్చింది. క్లెయిమ్‌లో ఏది ఎక్కువ ఒత్తిడి పెట్టిందని అడిగారు. దాదాపు మూడో వంతు మంది 'ఏం చేయాలో అర్థం కాకపోవడం' అన్నారు. 30 శాతం మంది ఆలస్యం అన్నారు. పావు వంతు పైన, పదేపదే డాక్టర్ల పరీక్షలకు వెళ్లడం అన్నారు. ఈ ఒత్తిడి ఎక్కువ పడ్డవాళ్లలోనే ఆరేళ్ల తర్వాత దిగులు, ఆందోళన, పనిచేయలేకపోవడం ఎక్కువ. డబ్బు ఆశ కన్నా ఆ డబ్బు కోసం తిప్పే తీరే మనిషిని నలిపేస్తోందని నాకు అర్థమైంది. వాణి గారు రాసిన మొదటి పోస్టులో కూడా ఉన్నది అదే కదా, ఏం చేయాలో తెలియకపోవడం.

---

శ్రీలత_అడ్వకేట్_నల్గొండ | జూన్ 10, రాత్రి 9:15

రోజంతా కోర్టులో ఉన్నాను, ఇప్పుడే చూశాను. నేను యాక్సిడెంట్ క్లెయిముల్లో బాధితుల తరఫున వాదిస్తాను. మీ లాయరు గారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆ మాట అన్నది ఆయన కాకపోవచ్చు కూడా. నేరుగా ఆయన్నే కలిసి అడగండి. కానీ ఆ సలహా తప్పు. ఎందుకు తప్పో లెక్కతో చెబుతాను.

క్లెయిమ్‌లో డబ్బు ఒక్క పర్సెంటేజీ మీదే రాదు. ఆసుపత్రి ఖర్చు, మందులు, రాకపోకలు, మంచం మీద ఉన్న నెలల సంపాదన, పడిన బాధ, ముందు ముందు చేయించుకోవాల్సిన చికిత్స... వీటికి విడివిడిగా ఇస్తారు. ఆయన రేపు పరుగెత్తినా ఇవి పోవు. దరఖాస్తు వేసిన రోజు నుంచి వడ్డీ కూడా వేస్తారు. అప్పు గురించి మీరు బెంగపడుతున్నారు కాబట్టి ఇది ముందు చెబుతున్నా. ఒరిజినల్ బిల్లులు అన్నీ పదిలంగా ఉంచండి.

ఇక పర్సెంటేజీ. రాజ్ కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: డాక్టరు రాసిన వైకల్యం శాతం వేరు, సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది వేరు. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు దాదాపు మొత్తం పోవచ్చు, అదే చెయ్యి పోయిన ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూనే ఉండొచ్చు అని అందులోనే ఉదాహరణ ఇచ్చింది. మీ ఆయన తులసి కోట దాకా నడవగలడా అన్నది కాదు ప్రశ్న. గొంతుక్కూర్చుని రోజుకి ఎనిమిది గంటలు టైల్స్ వేయగలడా, సిమెంటు బస్తా ఎత్తగలడా అన్నది ప్రశ్న. మామూలుగా నడుస్తూ బోనెక్కి "నడుస్తానండి, గొంతుక్కూర్చోలేను" అని చెప్పొచ్చు. అందులో దాచాల్సింది ఏమీ లేదు.

నెలకు 20,000 సంపాదన రుజువైందనుకుందాం. సొంతంగా పనిచేసుకునేవాళ్లు 40 ఏళ్ల లోపు ఉంటే ముందు ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు, 2017 ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం. అంటే 28,000. ఏడాదికి 3,36,000. ఆయన వయసుకు గుణకం (ఏడాది సంపాదనను ఎన్నింతలు చేయాలన్న అంకె) 16, ఇది 2009 సరళా వర్మ తీర్పులోని పట్టిక. మొత్తం 53,76,000. సంపాదన శక్తి 30 శాతం పోయిందని తేలిస్తే 16,12,800 వస్తుంది. బాగా కోలుకుని 20 శాతమే పోయిందని తేలిస్తే 10,75,200.

తేడా 5,37,600. అవును, తగ్గుతుంది. అబద్ధం చెప్పను. కానీ ఆ తేడా నెలకు 20,000 సంపాదనతో చూస్తే రెండేళ్ల మూడు నెలల కూలి. దాని కోసం ముప్పై నాలుగేళ్ల మనిషి నడుము పోగొట్టుకుంటే మిగతా ఇరవై ఐదేళ్ల కూలి ఎవరిస్తారు? పైగా ఆ 30 శాతం వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. ఎందుకంటే అవతలి లాయరు మొదట అడిగేది, "మార్చి నుంచి ఫిజియోకి ఎందుకు వెళ్లలేదు?" అనే. చికిత్స మానేసినవాడి నష్టం మా మీద ఎందుకు వేస్తారని వాదిస్తారు. రికార్డులో ఖాళీ ఉంటే మన దగ్గర జవాబు ఉండదు.

చదివేవాళ్లలో ఇంకా కేసు వేయనివాళ్లుంటే: ఇప్పుడు చట్టంలో గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. ఒళ్లు బాగయ్యాక వేద్దాం అని ఆగకండి.

---

పటాన్‌చెరు_నరేష్ | జూన్ 11, ఉదయం 8:20

మేడమ్, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మా అన్న కంపెనీలో నిచ్చెన మీద నుంచి పడి డిస్క్ ఆపరేషన్ అయింది. ఈఎస్ఐ ఉంది. ఆయన కూడా కోర్టుకు వెళ్లాలా?

---

శ్రీలత_అడ్వకేట్_నల్గొండ | జూన్ 11, ఉదయం 8:50

నరేష్ గారూ, ఈఎస్ఐ ఉంటే దారి వేరు. పనిలో ప్రమాదం అని రిపోర్టు నమోదైందో లేదో ముందు చూడండి, అసలు గొడవలన్నీ అక్కడే వస్తాయి. నమోదైతే పనిచేయలేని రోజులకు ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ మీద వేతనంలో 90 శాతం లెక్కన వస్తుంది. శాశ్వతంగా లోపం మిగిలితే మెడికల్ బోర్డు తేల్చిన మేరకు నెలనెలా ఇస్తారు. ఈఎస్ఐ వర్తించేవాళ్లు అదే గాయానికి యజమాని మీద ఉద్యోగుల నష్టపరిహారం కింద మళ్లీ క్లెయిమ్ వేయలేరు. మిగతాది విడిగా ఇంకో చర్చ పెట్టండి, అక్కడ వివరంగా రాస్తాను.

---

విశ్రాంత_బీమా_అధికారి | జూన్ 11, ఉదయం 11:10

వాణి గారూ, నిన్న నా మాట మిమ్మల్ని బాధపెట్టింది. క్షమించమ్మా. హెచ్చరించాలనుకున్నాను గానీ మీ ఆయన్ని అనాలని కాదు.

ముప్పై ఏళ్లు బల్లకు అవతలి వైపు కూర్చున్నవాడిగా ఒకటి చెబుతాను. మమ్మల్ని బాగా ఒప్పించినవాళ్లు ఎక్కువ మూలిగినవాళ్లు కాదు. ఒకాయన లోక్ అదాలత్‌లో మా ఎదురుగా కూర్చుని, "నేను మోటారు సైకిలు నడుపుతున్నాను సార్, కాదనను. కానీ పొలంలో నాగలి పట్టి అరగంట నిలబడలేను. మా నాన్న ఇప్పుడు నా బదులు వెళ్తున్నాడు" అన్నాడు. ఫిజియో హాజరు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. మడతలు పడి, పసుపు మరకలతో ఉంది. ఆ రోజు మా వైపు నుంచి ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు.

---

వాణి_కోదాడ | జూన్ 12, రాత్రి 9:48

(ఇది నేను కాదు, మా ఆయన చెబుతుంటే రాస్తున్నా.)

అందరికీ దండాలు. ఇవన్నీ మా ఆవిడ చదివి వినిపించింది. మొదట కోపం వచ్చింది, ఇంట్లో సంగతి అందరికీ చెప్పిందని.

నేను నాటకం ఆడట్లేదు. వంగితే లోపల స్క్రూ ఊడుతుందేమోనని భయం. ఆ భయానికి తోడు ఆ ఆఫీసాయన మాట దొరికింది. కదలకపోతే కేసుకి మంచిది అంటే, భయం కూడా కేసు కోసమే అని సర్దిచెప్పుకున్నా. తెల్లారుజామున నడిచేది నేను నడవగలనో లేదో చూసుకోడానికి. జనం ముందు కర్ర లేకుండా నడిస్తే "బాగానే ఉన్నావుగా, ఇంకా కేసు ఎందుకు" అంటారని భయం. బాగోలేకపోతే ఇంట్లోవాళ్లు ఏడుస్తారు. ఎటు నిలబడాలో తెలియక పడుకున్నా.

లాయరు గారు నొప్పి రాసుకోమంటే పుస్తకం పెట్టా. రోజూ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎంత నొప్పో రాస్తున్నా. రాయడానికని నొప్పిని వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. ఇది సరైనదేనా?

---

రమణ_ఫిజియో_గుంటూరు | జూన్ 12, రాత్రి 10:30

తమ్ముడూ, నువ్వు చివర రాసిన వాక్యం నేను పదిహేనేళ్లలో విన్నవాటిలో చాలా నిజమైన మాట. నొప్పిని పదేపదే కొలుస్తుంటే మెదడు దాని కోసమే కాపలా కాస్తుంది. దెబ్బ మానినా కాపలా ఆగదు.

పుస్తకం పారేయకు. రాసేది మార్చు. నొప్పి పదికి ఎంత అని రాయొద్దు. ఏం చేశావో రాయి. ఎంతసేపు కూర్చున్నావు, ఎన్ని మెట్లు ఎక్కావు, ఎక్కడ ఆగిపోయావు, ఆగడానికి కారణం ఏమిటి, మళ్లీ ఎంతసేపటికి లేచావు. వాణిగారు కాదు, నువ్వే రాయి, నీ చేతిరాతతో. నాకు వైద్యానికి అదే కావాలి. శ్రీలత గారికి కోర్టులో కూడా అదే కావాలనుకుంటా. ఏం చేయగలవో, ఏం చేయలేవో రెండూ అందులో ఉంటాయి.

స్క్రూ భయం గురించి: ఎక్స్‌రే బాగుందని సర్జన్ చెబితే, ఆయన సమక్షంలోనే "నేను ఏ కదలికలు చేయొచ్చు, ఏవి చేయకూడదు" అని అడిగి కాగితం మీద రాయించుకో. మంచం మీద నుంచి లేచేటప్పుడు నడుము మెలితిప్పకుండా మొద్దులా ఒక్కసారిగా పక్కకు తిరిగి, కాళ్లు కిందకి దించి, చేతులతో లే. ఇది మాత్రం ఎప్పటికీ పాటించు. బీడీ, సిగరెట్ అలవాటుంటే ఆపు, ఎముక అతుక్కోవడానికి అది అడ్డు.

---

శ్రీలత_అడ్వకేట్_నల్గొండ | జూన్ 12, రాత్రి 10:52

రమణ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు. అలాంటి పుస్తకం నా క్లయింట్లు తెస్తే నాకు సగం పని తగ్గుతుంది. ఒక్కటి కలపండి: పనిలోకి వెళ్లడానికి ప్రయత్నించిన రోజులు కూడా రాయండి. ప్రయత్నించి ఆగిపోయిన రోజుకి కోర్టులో చాలా విలువ.

ఇంకొకటి. ఎవరో డాక్టరు ఒకసారి చూసి ఇచ్చే సర్టిఫికెట్ మీద ఆధారపడొద్దు. రాజ్ కుమార్ తీర్పులోనే అలాంటి రెడీమేడ్ సర్టిఫికెట్ల విషయంలో జాగ్రత్తగా ఉండమని యాక్సిడెంట్ క్లెయిములు తేల్చే ట్రిబ్యునళ్లకు చెప్పారు. మీకు ఆపరేషన్ చేసిన డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పగలరా అని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

---

డా_సత్య_కరీంనగర్ | జూన్ 13, ఉదయం 7:05

సర్జన్ల తరఫున ఒక ఒప్పుకోలు. సాక్ష్యానికి రావాలంటే ఒక పూట ఓపీ పోతుంది, అందుకే మాలో చాలామంది తప్పించుకుంటాం. డాక్టరు రాక వాయిదా పడుతుంది, వాయిదా పడేకొద్దీ రోగి కదలకుండా కూర్చుంటాడు. ఆ ఆలస్యంలో మా వాటా ఉంది. ఇందాక మీ మాటలన్నీ చదివాక, నా దగ్గర పెండింగులో ఉన్న రెండు సమన్లకు ఈ నెలే వెళ్తానని మా రిసెప్షన్‌లో చెప్పాను.

---

వాణి_కోదాడ | జూలై 21, రాత్రి 9:30

మళ్లీ నేనే, వాణిని. చెప్తానని చెప్పి ఆలస్యం చేశాను.

ఎక్స్‌రే తీశారు, స్క్రూలు కదల్లేదు. నలిగిన పూస అతుక్కుంటోందట. బెల్టు ఇంట్లో అవసరం లేదన్నారు, దూర ప్రయాణానికి మాత్రం ఇంకొన్నాళ్లు. ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో సర్జన్ గారు కాగితం మీద రాసి సంతకం పెట్టారు. లాయరు గారిని నేరుగా కలిశాం. చికిత్స మానమని తాను అసలు చెప్పలేదని ఆయన చాలా బాధపడ్డారు. వాయిదా ఆగస్టులో ఉంది.

ఫిజియోకి వారానికి మూడు రోజులు వెళ్తున్నాడు. మొదటి పది రోజులు నొప్పి ఎక్కువైంది, మళ్లీ మానేస్తాడేమోనని భయపడ్డా. మానలేదు. రాత్రి మూలుగు తగ్గింది. పాదంలో మంట అలాగే ఉంది. అది పూర్తిగా పోకపోవచ్చని డాక్టర్ గారు ముందే చెప్పారు.

పోయిన ఆదివారం మా మరిది పనిచేసే ఇంటికి వెళ్లాడు. ఎనిమిది నెలల తర్వాత తన సంచి తీశాడు. రబ్బరు సుత్తి, రసమట్టం, దారం అన్నీ సిమెంటు పట్టి గట్టిపడిపోయాయి. కూర్చుని తడిగుడ్డతో తుడిచాడు. అక్కడ టైల్స్ వేయలేదు. కుర్చీలో కూర్చుని మరిది వేసిన వరస మీద రసమట్టం పెట్టించి చూస్తూ, ఎక్కడ దిగిందో, ఎక్కడ లేచిందో చెప్పాడు. ఇంటికొచ్చి పుస్తకంలో రాశాడు. "40 నిమిషాలు కుర్చీలో. వంగలేదు. ఒకసారి గొంతుక్కూర్చోబోయాను, కుదరలేదు, గోడ పట్టుకుని లేచాను. ఎడమ పాదం మంట రాత్రి 8 దాకా. రేపు మళ్లీ వెళ్తా."

ఒక్కటి అడగాలి. వాయిదా రోజు హైదరాబాద్‌లో డాక్టర్ గారికి కూడా చూపించుకుని వద్దామనుకుంటున్నాం. కోదాడ నుంచి బస్సులో తీసుకెళ్లొచ్చా, ఏ సీటు మంచిది?

---

కోటేశ్వర్రావు_ఒంగోలు | జూలై 22, ఉదయం 5:55

వెనక చక్రం మీద సీటు వద్దమ్మా, దాని వెనకాల అసలు వద్దు, కుదుపంతా అక్కడే. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్యలో, నడవా వైపు సీటు తీసుకో, కాలు చాపుకోడానికి ఉంటుంది. కోర్టు పని, డాక్టరు పని ఒకే రోజు పెట్టుకోకండి, ఒళ్లు అలిసిపోద్ది. బెల్టు వేయించు, నడుం వెనక చిన్న దిండు పెట్టు. బస్సు ఎక్కడ ఆగినా దిగి రెండు నిమిషాలు నిలబడమను. సూర్యాపేటలో టీకి ఆపితే తప్పకుండా దిగమను.